ఉడుత ఇచ్చిన శృతి

శృతి తప్పితే మా పిన్ని కుక్కర్‌ని కూడా క్షమించదు. ఇంటికి కొత్తగా పెట్టించిన కాలింగ్ బెల్ కొంచెం కిందికి పలుకుతోందని రెండుసార్లు షాపుకి తిప్పి పంపింది. ఆ షాపాయన ఇప్పుడు ఆవిణ్ణి చూస్తే లోపలి గదిలోకి తప్పుకుంటాడు. బాబాయికి కూనిరాగం తీయాలనిపిస్తే స్నానాలగదిలో కుళాయి పూర్తిగా తిప్పుకుని తీస్తాడు. పాపం, అదీ ఆవిడకి వినబడుతుంది.

ఆవిడ మా ఊరి ఆర్కెస్ట్రాలో ఓబో వాయిస్తుంది. ఓబో అంటే పొడుగాటి నల్లటి చెక్క గొట్టం. కొసన పల్చటి రెల్లు రేకులు రెండుంటాయి, వాటిని పెదాల మధ్య పెట్టుకుని ఊదాలి. కచేరీ మొదలయ్యే ముందు అందరం ఊరుకుంటే ఓబో ఒక్క స్వరం పలుకుతుంది. మిగతా వాద్యాలన్నీ దానికే శృతి చేసుకోవాలి. ఈ పని పిన్ని ఏళ్ళ తరబడి చేస్తోంది, ఒక్కసారీ ఇంకొకరికి వదల్లేదు. నేను వెనక వరసలో వయొలిన్ వాయిస్తాను. సిఫారసుతో చేరాననుకోకండి. నన్ను పరీక్షించిన రోజున ఆవిడ అన్న మాట ఇది: "మా అక్క కొడుకే, అయినా పర్వాలేదు."

ఆ ఏడు మా ఆర్కెస్ట్రాకీ ఒక బడికీ పొత్తు కుదిరింది. ఏడాదంతా మేం వెళ్ళి పిల్లలకి నేర్పాలి. చివర్లో ఒక్కొక్కరు మాలో ఒకరి పక్కన కూర్చుని, అదే వేదిక మీద మాతో కలిసి వాయించాలి. పిన్ని వంతుకి ఆరో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. బక్కగా ఉండేది, ఒక్కచోట కుదురుగా నిలిచేది కాదు. అందుకని అందరం ఉడుత అనేవాళ్ళం.

మొదటి రోజే ఆ పిల్ల ఉన్నమాట చెప్పేసింది.

"నాకు శృతి లేదంట టీచర్. పాటల గుంపులో నన్ను ఊరికే పెదాలు ఆడించమన్నారు, గొంతు బయటికి రానీయొద్దన్నారు."

"ఎవరన్నది?"

"పాటలు నేర్పే సారు. మళ్ళీ ఎవరైనా అట్లా అంటే ఇది కూడా మానేస్తా."

పిన్నికి ఒళ్ళు మండింది. శృతి లేనివాళ్ళ మీద మండిపడే మనిషి, శృతి లేదన్నవాళ్ళ మీద మండిపడడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి పట్టుబట్టి నేర్పింది. గోడకి చిన్న కాగితం ఆనించి, చెయ్యి తీసేసి, ఊపిరితోనే దాన్ని పడకుండా నిలబెట్టమనేది. కాగితం జారిపోయేది, ఉడుత పకపకా నవ్వేది, నవ్వితే ఊపిరి ఎక్కడ మిగులుతుందని పిన్ని కసిరేది. బడి భోజనాల హాల్లో ఏడాదంతా ఇదే తంతు.

కచేరీ దగ్గరపడ్డాక పిన్ని మా అందరి ముందూ తేల్చి చెప్పింది.

"ఈసారి శృతి ఉడుత ఇస్తుంది."



ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఉడుత ఓబో పెదాలకి పెట్టుకుంది. స్వరం మొదట బాగానే నిలబడింది. అంతలో ముందు వరసలో వాళ్ళమ్మని చూసిందో ఏమో, ఊపిరి చాలక స్వరం కాస్త కిందికి జారి అక్కడే ఉండిపోయింది. కింద కూర్చున్నవాళ్ళకి తెలియలేదు కానీ వేదిక మీద మాకు తెలిసింది. ఉడుతకీ అనుమానం వచ్చింది. ఊదుతూనే కళ్ళు తిప్పి పిన్ని వైపు చూసింది.

మేమూ ఆవిడ వైపే చూశాం. ఆవిడ తన ఓబో మీద సరైన స్వరం ఒక్కసారి పలికిస్తే చాలు, క్షణంలో అంతా సర్దుకుంటుంది. కానీ ఆ పిల్ల ఇక జన్మలో ఆ గొట్టాన్ని ముట్టుకోదు.

పిన్ని తన ఓబో కొసన రెల్లుని కొద్దిగా పైకి లాగింది. అలా లాగితే స్వరం తగ్గుతుంది. లాగి, ఉడుత స్వరాన్నే, అంతే కిందికి పలికించింది. పలికిస్తూ మా వైపు ఒక చూపు చూసింది. ఇంట్లో ఆ చూపు నాకు బాగా అలవాటు. మారుమాట లేకుండా వయొలిన్ బిరడా తిప్పి తీగ వదులు చేశాను. పక్కవాళ్ళూ చేశారు. ఎప్పుడూ ఆవిడ చేత చీవాట్లు తినే ట్రంపెట్ ఆయన తనూ స్వరం తగ్గేలా ట్రంపెట్ గొట్టం కాస్త బయటికి లాగుతూ నోరంతా తెరిచి నవ్వాడు. కాసేపట్లో వేదిక మీద ఉన్న ప్రతి వాద్యమూ ఆ పిల్ల స్వరం దగ్గరికి వచ్చి చేరింది.

కచేరీ జరిగినంతసేపూ పిన్ని మొహం ఆముదం తాగినట్టే ఉంది. వాయించడం మాత్రం ప్రాణం పెట్టి వాయించింది. ఆవిడంటే నాకు భయమే అనుకునేవాణ్ణి, ఇంత ప్రేమ ఉందని ఆ రోజే తెలిసింది.

చప్పట్లు అయిపోయి, అందరం తెర వెనక పెట్టెలు సర్దుకుంటుంటే ఉడుత నేరుగా పిన్ని దగ్గరికి వచ్చింది.

"టీచర్, నా స్వరం కిందికి పోయింది కదా?"

శృతి విషయంలో పిన్ని అబద్ధమాడటం నేను ఎరగను. ఏమంటుందోనని పెట్టె మూయడం ఆపి చూశాను.

"పోయింది," అంది పిన్ని. "మేమంతా నీతోపాటే వచ్చాం."

"అందరూనా? ట్రంపెట్ అంకుల్ కూడానా?"

"వాడు కూడా."

ఉడుత మమ్మల్ని వరసగా ఒక చూపు చూసి, ఓబో పెట్టె చంకన పెట్టుకుంది.

"సరే టీచర్. వచ్చేసారి మిమ్మల్నందర్నీ పైకి తీసుకెళ్తా."