వానల్లో జట్టు కట్టిన మనిషి

నా భార్య చనిపోయింది. వానలు మొదలైన మూడో వారంలో, ఒక మంగళవారం పొద్దున, ఆస్పత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. గుండె జబ్బు ఏడాదిగా ఉంది. ఇక్కడ బర్మాలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళవాళ్ళకి ఆ రోజే తెలిసింది. దూరాన ఉన్నవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మీలో చాలామంది ఆమెని బడిలో ఆటల టీచరుగా ఎరుగుదురు. ఆమె దగ్గర చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ కూడా బర్మా మాటలో ‘సయామ’ అనేవారు, టీచరమ్మ అని. ఆమె నడిపిన బేస్‌బాల్ జట్టు సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. దాని గురించే రాస్తాను. మిగతా విషయాలు రాసే శక్తి ఇంకా రాలేదు.

చాలా ఏళ్ళ కిందట మా వీధిలో అద్దెకున్న జపాన్ దంపతులు తమ దేశం వెళ్ళిపోతూ ఒక పెద్ద సంచీ ఆమె చేతిలో పెట్టారు. రెండు బ్యాట్లు, కొన్ని బంతులు, ఎనిమిది తోలు గ్లవ్స్. ఆట చూస్తే తొమ్మిది మందిది.

“తొమ్మిదోవాడేటి చేస్తాడు?” అని అడిగాను.

“మీరాడండి. మీ చేతులు ఎలాగా మొద్దే కదా,” అంది.

నేను ఆడలేదు. గట్టు మీద కూర్చుని స్కోరు రాశాను. అన్నేళ్ళూ అదే నా పని. క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈ ఆట గురించి రెండు మాటలు చాలు. పిచర్ అంటే మన బౌలర్. క్యాచర్ అంటే వికెట్ కీపర్. కాకపోతే ఆట మొత్తం గొంతుక్కూర్చునే ఉండాలి. మోకాళ్ళు తొందరగా పోతాయి.

యాంగోన్, అంటే పాత రంగూన్, చుట్టుపక్కల ఇలాంటి జట్లు నాలుగే. దీపాల పండగ వెళ్ళాక మొదలుపెట్టి వానలు వచ్చేదాకా ఆడతారు. ఆ తర్వాత నాలుగైదు నెలలు ఆట ఉండదు. అందరూ గ్లవ్స్ అటక మీద పెట్టేస్తారు. ఆమెకి మాత్రం అసలు పని అప్పుడే. “ఎండల్లో జట్టు ఆడతాది. కట్టేది వానల్లోనే,” అనేది.

ప్రతి వానాకాలం జట్టులో చిల్లులు పడేవి. ఒకడు బౌద్ధ మఠంలో మూడు నెలలు సన్యాసం తీసుకునేవాడు. ఒకడికి పెళ్ళయ్యేది. ఒకడు థాయ్‌లాండ్‌లో పనికి వెళ్ళిపోయేవాడు. ఈ మధ్య కొన్నేళ్ళుగా కొందరు చెప్పకుండానే రావడం మానేశారు. దేశంలో రోజులు బాగోలేవు, ఎక్కడికెళ్ళారని మేమూ అడగలేదు. ఆమె బడి నోటుపుస్తకంలో ఒక్కొక్కడికీ ఒక పేజీ ఉండేది. ఏ చేతివాటం, ఎక్కడ పని, ఏ బస్సు ఎక్కుతాడు, వాళ్ళమ్మ ఏమంటుంది. పేజీలో సగం వాళ్ళమ్మ గురించే. “ఆడేవోణ్ణి అడిగే ముందు కన్నదాన్ని అడగాల,” అనేది.

ఆటగాళ్ళని మార్చుకోవడానికి మా నాలుగు జట్ల మధ్య కాగితాలు లేవు. ఒక పద్ధతి ఉంది. అడిగేవాళ్ళు ఒక పళ్ళెం లఫెట్ పట్టుకుని వెళ్తారు. లఫెట్ అంటే ఊరవేసిన తేయాకు. నువ్వులు, వేయించిన పప్పులు, వెల్లుల్లి కలుపుతారు. పళ్ళెం మధ్యలో పెట్టి సంగతి చెప్తారు. ఇష్టమైతే ఇద్దరూ అందులోంచి తింటారు. ఇష్టం లేకపోతే టీ తాగి పళ్ళెం వెనక్కి జరుపుతారు. తిన్నాక మాట మార్చినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఒక ఏడు, ఫ్యాక్టరీలుండే లైంగ్‌థార్యార్ పేట జట్టు మమ్మల్ని ఒక మనిషిని అడిగింది. మా దగ్గర ఒక నిద్రమొహం కుర్రాడు ఉండేవాడు. బంతి వచ్చేవేళకి ఆవలించేవాడు.

“వాణ్ణిచ్చీ,” అన్నాను.

“పనికిరానోణ్ణి అంటగట్టీసి, వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకోని ఆల్ల గుమ్మం ఎక్కుతాం? ఇచ్చినప్పుడు మంచోణ్ణే ఇవ్వాల.”

“మరి మనకేటి మిగుల్తాది?”

“నిద్రమొహంవోడు. మీకు తోడుంటాడు.”

మంచివాణ్ణే ఇచ్చింది. ఆ ఏడు అన్ని ఆటలూ ఓడిపోయాం. ఆమె ఏమీ అనుకోలేదు. నేను స్కోరు రాస్తుంటే వెనకనుంచి తొంగి చూసి, “మీ దస్తూరీ బాగుంది,” అనేది.

వానాకాలంలో గ్లవ్స్‌కి బూజు పడుతుంది. వారానికోసారి బొగ్గుల కుంపటి చుట్టూ పేర్చి, ఎండాక కొబ్బరినూనె రాసేది. ఇల్లంతా తోలు వాసన. ఇప్పుడు ఆ వాసన లేదు. నేను నూనె రాయడం ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక మా పిచర్ గురించి. ట్వంటే ఊరి దగ్గర వరి పండించే తెలుగువాళ్ళ పిల్లవాడు. పద్దెనిమిదేళ్ళకి లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీకి వచ్చాడు. ఇప్పుడు ఇరవై ఆరు. ఆమె వాడికి బంతి వేయడం మూడు వానాకాలాలు నేర్పింది, వసారాలో, దుప్పటి అడ్డం కట్టి. నాలుగు జట్లలోనూ అంత వేగం ఇంకొకరికి లేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో తినేవాడు. మాకు పిల్లలు లేరు. వాడికి పెళ్ళయినా రావడం మానలేదు. వాడూ ఆమే మాట్లాడుకునేవాళ్ళు. నేను వినేవాణ్ణి.

పెదకర్మం రోజు, నది అవతలి తన్లిన్ జట్టు కోచ్ వచ్చాడు. బర్మా మనిషి, నా వయసువాడు; కుర్రాళ్ళు ‘సయా’ అంటారు, మాస్టారు అని. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నాడు.

“మీ పిచర్ సంగతి సయామతో ఒక మాట అనుకున్నాం.”

“వాడెక్కడికీ రాడు. ఆమె ఉంటే పంపేది కాదు,” అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. “సరే” అన్నాడు. టీ తాగి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె తరఫున ఒక మంచి పని చేశాననుకున్నాను. రెండు వారాలు ఆ మాటే పట్టుకుని బతికాను.

ఆ రెండు వారాలూ గడిచాక ఆదివారం పిచర్ వచ్చాడు. అన్నం, చింతచిగురు పప్పు వండాను. బాగోలేదు. అయినా వాడు మామూలుగా తినేవాడే. ఆ రోజు కంచంలో చెయ్యి పెట్టలేదు.

“ఏటైంది?”

“మావయ్యా, తన్లిన్ సయాకి మీరు లేదన్నారంట.”

“అన్నాను. నువ్వెల్తావేటి?”

“సయామ తినీసింది,” అన్నాడు.

“ఏటి తినీసింది?”

“లఫెట్. తన్లిన్ ఎల్లి, ఆల్లింట్లో కూకోని, తినీసి వచ్చింది. నాను పక్కనే ఉన్నాను.”

అప్పుడు గుర్తొచ్చింది. వానలు మొదలైన వారం మందుల కోసమని బయల్దేరి సాయంత్రానికి వచ్చింది, మోకాళ్ళదాకా తడిసి. ఈ ఒంటితో ఏమిటిది అని కోప్పడ్డాను. “వానకి తడిసినోల్లంతా సచ్చిపోతే యాంగోన్‌లో మనిషుండడు,” అని నవ్వింది. మందులు తేలేదు. నేను అడగలేదు.

వాడు చెప్పింది ఇది. వాడి భార్య తన్లిన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఏడో నెల. వాడు లైంగ్‌థార్యార్‌లో ఉండి పదిహేను రోజులకోసారి వెళ్ళి చూస్తున్నాడు. తన్లిన్ జట్టుకి ఆడితే ఆ కోచ్ రేవు గోడౌన్‌లో పని ఇప్పిస్తానన్నాడు. వచ్చే పౌర్ణమిదాకా ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వకుండా ఆపుతాడు. ఆ తర్వాత ఆపలేడు.

“నాకెందుకు చెప్పలేదురా?”

“నాను సెప్తానన్నాది సయామ. ‘ఆయనకి మెల్లిగా సెప్పాల. ఆదివారం పూట నువ్వు తప్ప ఆయనకెవులున్నారు?’ అన్నాది.” వాడు నేల చూశాడు. “మీరు వద్దంటే ఉండిపోతాను మావయ్యా. సయామ లేదు కదా. మాట ఆవిడతోనే పోయిందనుకుంటారు. ఎవులూ తప్పట్టరు.”

నిజమే. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. నేను నోరు మూసుకుంటే చాలు. వాడు ఉండిపోతాడు. ఆదివారాలు ఉంటాయి.

మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఈ సంగతి దాచడం నాకిష్టం లేదు. ఆమె గురించి మంచి మాటలు రాస్తూ నా గురించి అబద్ధం రాయలేను. ఆ మూడు రోజులూ ఆమె ఇచ్చిన మాట నాకు బరువుగా కాదు, అడ్డంగా కనిపించింది. నోటుపుస్తకం తీసి వాడి పేజీ చూశాను. వాళ్ళమ్మ గురించి రాసిన చోట ఒక గీత కొట్టి ఉంది. దాని కింద కొత్తగా, వంకర అక్షరాలతో, వాడి భార్య గురించి మొదలుపెట్టింది. ‘భయపడతాది. రాత్రి డ్యూటీ మానాల.’ అంతే. మిగతా పేజీ ఖాళీ.

గురువారం లఫెట్ కొనుక్కుని తన్లిన్ బస్సు ఎక్కాను. వంతెన మీద వాన కొట్టి నది కనిపించలేదు.

కోచ్ ఇంట్లో పళ్ళెం మధ్యలో పెట్టాను. ఒప్పందం ఆమెతోనే అయిపోయింది కాబట్టి ఈ పళ్ళెం అవసరం లేదన్నాడు. నేను అన్న మాట వెనక్కి తీసుకోవడానికి తెచ్చానని చెప్పాను. అప్పుడు తిన్నాడు. నేనూ తిన్నాను.

“ఆ రోజే చెప్పొచ్చు కదా,” అన్నాను.

“చావింట్లో కూర్చుని, పోయిన మనిషి మాట గురించి ఆమె భర్తతో వాదించమంటారా?”

పిచర్‌కి బదులుగా ఆమె ఎవరిని అడిగిందన్నాను. ఆయన అప్పుడు నవ్వాడు.

“మా దగ్గర ముగ్గురు క్యాచర్లున్నారు. కుర్రవాణ్ణి తీసుకోమన్నాను. కాదు, ముసలివాడు కావాలంది. వాడి మోకాళ్ళు ఎప్పుడో అరిగాయి. ఆట మొదలయ్యాక ఆగకుండా వాగుతూనే ఉంటాడు. వీడెందుకు సయామా అన్నాను. మా జట్టులో నోరున్నవాళ్ళు లేరు, మా ఇంట్లో అసలే లేరు, అంది.”

తిరుగు బస్సులో నేను కండక్టరుతో కూడా మాట్లాడలేదు.

మొన్న ఆదివారం మార్పిడి జరిగింది. పొద్దున్నే క్యాచర్ వచ్చాడు. నలభై దాటిన బర్మా మనిషి. ఈ మధ్యే మా వీధి చివర రంగుల కొట్టులో పనికి చేరాడట. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాడు. మా గోడకి చెమ్మ పట్టిందన్నాడు. మా టీ నీళ్ళలా ఉందన్నాడు. తన కుడి మోకాలు వానని ముందే చెప్తుందన్నాడు. ఆమె ఫొటో ముందు నిలబడి, “సయామా, కుర్రాళ్ళు ముగ్గురుంటే నన్నడిగారు. మీ కళ్ళకి పరీక్ష చేయించుకోవాల్సింది,” అన్నాడు. పిచర్ నవ్వాడు. చాలా రోజులకి మా ఇంట్లో నవ్వు వినబడింది. నాకు నవ్వు రాలేదు. కొంచెం తేలిక అనిపించింది, అంతే. మధ్యాహ్నం కొట్టు తెరవాలని క్యాచర్ వెళ్ళాడు.

పిచర్‌ని బస్సుకి దింపడానికి వెళ్ళాను. గ్లవ్ ప్లాస్టిక్ సంచీలో చుట్టుకున్నాడు.

“ఈ ఏడు మావోల్లని కొట్టలేరు మావయ్యా,” అన్నాడు.

“మీవోల్లంటే ఎవుల్రా?”

ఆగిపోయాడు. “తన్లిన్,” అన్నాడు. తర్వాత నా కాళ్ళకి దండం పెట్టబోయాడు. తడిలో వద్దన్నాను. బిడ్డ పుట్టాక కబురు చెయ్యమన్నాను. ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. అవి ఆమె చెప్పే మాటలు. నాకు రాలేదు. బస్సు కదిలింది.

మైదానం పక్కనుంచి నడిచి వచ్చాను. నీళ్ళు నిండిపోయి గీతలు, గట్లు ఏవీ తెలియడం లేదు. మధ్యలో పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఒక్కటే పైకి ఉంది. దాని మీద తెల్ల కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడింది. దాని ఎదురుగా అంతా నీళ్ళే. వాన పెద్దదైంది. గొడుగు పట్టుకుని కాసేపు చూశాను. అది ఎగరలేదు.