అరుగు మీద మనిషి

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం భోజనం ముగించి నడుం వాల్చబోతుంటే, పాత ఫోటోలు భద్రపరిచే ఒక సంస్థ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మన గంజాం తీరంలోని పల్లెల మీద ఆన్‌లైన్ ప్రదర్శన పెడుతున్నారట. అప్పట్లో ఆ పల్లెల ఇళ్ళను ఫోటోలు తీసి, వివరాలు రాసిపెట్టిన మా బృందంలోని వాళ్ళు ఏం చదివి, ఏ ఉద్యోగాలు చేసి ఇందులోకి వచ్చారో నాలుగేసి వాక్యాలు కావాలట. నాదేముంది, బరంపురంలో తెలుగు టీచరుగా చేస్తూ సెలవుల్లో పల్లెల పాటలు రాసుకునేదాన్ని. ఆ ఫోటోలు తీసిన మా అన్నయ్య గురించి కూడా నన్నే చెప్పమంది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

మా ఇంట్లో అందరిదీ బట్టల వ్యాపారమే అయినా, అన్నయ్య మాత్రం నాన్నగారితో పోట్లాడి ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. పెళ్ళి ఫోటోలే ఆయన బతుకుతెరువు. పందిట్లో మూల కూర్చున్న ముసలమ్మను కూడా చెయ్యి పట్టుకుని తెచ్చి పెళ్ళికూతురి పక్కన నిలబెట్టేవాడు. ఒక్క ముఖం తప్పినా ఆయనకు తోచేది కాదు. సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తున్న రోజుల్లో, ఇళ్ళు పోయేలోగా వాటి రూపమైనా మిగలాలని, అటువంటి మనిషిని మేము ఆ తీరంలోని జాలరి పల్లె పొడంపేటకు తీసుకెళ్ళాము. ఇల్లు కట్టిన తీరు కనబడాలి, మనుషులు అడ్డం ఉండకూడదు అన్నది మా పెద్ద పరిశోధకుల మాట.

ఒక తాటాకింటి అరుగు మీద ముసలాయన ఒకడు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అన్నయ్య కాసేపు తటపటాయించి, చివరికి కొంచెం పక్కకు జరగమన్నాడు. పాపం ఆయన వల పోగుచేసుకుని, ఫోటో అయ్యేదాకా ఎండలో దూరంగా నిలబడ్డాడు.

ఆ తర్వాతి వానల్లో ఆ వరస ఇళ్ళన్నీ సముద్రంలో కలిశాయి. ఊరు లోపలికి, కొత్త కాలనీకి తరలింది. ముసలాయన జబ్బుచేసి అక్కడే పోయాడన్న సంగతి, ఆయన భార్య ఒకనాడు బస్సెక్కి స్టూడియోకి వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. ఇంటి ఫోటో కావాలంది. అన్నయ్య పెద్ద కాపీ తీసి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో తడుముతూ చాలాసేపు చూసింది.

“ఇల్లొచ్చింది బాబూ. మా ముసిలోడేడి?” అంది.

“నేనే పక్కకి జరగమన్నానమ్మా,” అన్నాడు అన్నయ్య.

“నువ్వేటి సేస్తావులే. ఆడిది ఒక్క ఫోటో అయినా లేదు నాకాడ. ఇందల ఉంటాడనుకుని ఒచ్చినాను,” అని, ఫోటోను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఊరి ఫిల్ములన్నీ అన్నయ్య కిటికీ వెలుతురుకు పట్టి వెదికాడు, ఏ అంచునైనా ఆయన దొరుకుతాడేమోనని. దొరకలేదు. ఆ తర్వాత మాతో ఏ పల్లెకూ రాలేదు, పిలిస్తే పెళ్ళిళ్ళున్నాయనేవాడు.

పెళ్ళి ఫోటోలు తీసేవాడని రాసుకోమన్నాను ఆ అమ్మాయితో. అంతేనా మేడం అంది. అంతే అన్నాను.

ప్రదర్శన మొదలయ్యాక చూశాను. ఇప్పుడు ఎవరి ఫోన్ చూసినా నిండా ముఖాలే. ఒక మనిషి గుర్తుగా ఒక్క ఫోటో అయినా లేకుండా పోవడమంటే ఏమిటో మన తరానికే తెలియాలి. తెర మీద ఆ ఇల్లు చక్కగా ఉంది, కప్పు నేత, మట్టి గోడ, అలికిన అరుగు. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు, మెచ్చుకుంటారు. అన్నయ్య కెమెరా మీట నొక్కే ముందు వరకు ఆ అరుగు మీద ఒకాయన కూర్చున్నాడని చెప్పగలిగినదాన్ని, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలానేమో.