ఉగాదికి వేరుశనగ పీకించిన పంచనామా

వల్లూరు చేలల్లో సోలార్ పలకలు పరుస్తున్న రోజులవి. ఆ ఏడాది మార్చిలో, రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు, కర్ణాటకలోని పావగడ తాలూకాలో ఒక పోలీసు స్టేషన్‌కు నన్ను రైటర్‌గా, అంటే రికార్డులు రాసేవాడిగా, వేశారు. హోదా హెడ్ కానిస్టేబుల్. ఇరవై రెండేళ్ల కిందట కూడా అదే స్టేషన్‌లో రైటర్‌గా చేశాను కాబట్టి, పాత కట్టల సంగతి నాకే తెలుసని అందరి నమ్మకం.

ఎస్.ఐ. గారు నాకు యు.డి.ఆర్. ఫైళ్లు ఏరే పని అప్పగించారు. బావిలో పడినా, పాము కరిచినా, పిడుగు పడినా తెరిచే అసహజ మరణాల ఫైళ్లవి. నేరం లేదని తేలితే మూసేస్తాం. గడువు దాటినవాటిలో నిజంగా అసాధారణమైనవి ఉంచి, మిగతావి నాశనం చేయడానికి జాబితా రాయమన్నారు. అసాధారణమంటే ఏమిటో ఏ సర్క్యులర్‌లోనూ లేదు. నేనే ఒక కొలత పెట్టుకున్నాను. పిడుగు ఉంచడం, పాము తీసేయడం. మా ప్రాంతంలో పాముకాటు అసాధారణమంటే జనం నవ్వుతారు. తీసేసినవాటితో రెండు రోజుల్లో నాలుగు గోతాలు నింపి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మూడో రోజు వల్లూరు నుంచి లక్ష్మక్క అనే పెద్దావిడ వచ్చింది. నేను మొదటిసారి అక్కడ పనిచేసినప్పుడే ఆమె భర్త చేలో చనిపోయాడట. ముందురోజు మొగుడూ పెళ్లాలకు గొడవైంది. పెళ్లాం మాటలు పడలేక పురుగుల మందు తాగాడని ఊరంతా అనుకుంది. పాము కరిచిందని ఆమె ఒక్కతే అంటూ వచ్చింది. సోలార్ పార్కులో సెక్యూరిటీ గార్డుగా ఉన్న కొడుకు హనుమంతరాయప్ప ఊరి మాటే నమ్మి, తల్లి చేతి కూడు మానేశాడు.

"పోలీసోళ్ల కాయితంలో పామనే రాసినారంట సామీ. రేపు నా కొడుకుని పిల్సుకొస్తా. వానికి నువ్వే సదివి చెప్పు" అంది.

పాము ఫైళ్లన్నీ నేనే గోతాల్లో కుక్కాను. ఆమె అటు వెళ్లగానే గోతాలు విప్పాను. మూడో గోతంలో దొరికింది. దస్తూరీ నాదే. పాముకాటు అనే ఉంది. హమ్మయ్య అనుకుని మొత్తం చదివాను. మృతుడు తన చేలో వేరుశనగ చెట్లు పీకుతుండగా కుడి కాలిపై పాము కరిచిందని ఉంది. తేదీ చూస్తే ఉగాది వెళ్లిన వారం.

వానపంట వేరుశనగను ఇక్కడ దీపావళి అటూ ఇటూ పీకుతారు. ఉగాదికి చేను బోడిగా ఉంటుంది. అప్పట్లో రైటర్లకు ఒక అలవాటు. పాత పంచనామా పక్కన పెట్టుకుని పేర్లు, పొలం హద్దుల చెక్కుబందీ మార్చి రాసేసేవాళ్లం. ఆ రోజు ఎండకు శవం వాసన కొడుతోంది. నేను దూరంగా నిలబడి రాశాను. కాట్లు చూశానా? గుర్తు లేదు. పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు ల్యాబ్ రిపోర్టు వచ్చాకే కారణం చెబుతానన్నాడు. ఆ రిపోర్టు ఫైల్లో లేదు. అప్పటి ఎస్.ఐ. గారూ, ఆ డాక్టరూ, సాక్షులుగా సంతకాలు పెట్టిన పంచులూ చనిపోయారు.

మర్నాడు తల్లీకొడుకులు వచ్చారు. పాముకాటు అన్న చివరి వాక్యం ఒక్కటే చదివి పంపేద్దామనుకున్నాను. పెన్షన్ భయం కూడా ఉంది. కానీ హనుమంతరాయప్ప ఫైలు తన చేతికి తీసుకుని కన్నడం తడుముకోకుండా చదివాడు.

"సార్, ఉగాది దాటినాక మా చేలో చెనక్కాయ యాడిది? మాది వానపంటే కదా" అన్నాడు.

వేరే ఫైలు చూసి ఎత్తి రాశానని ఒప్పుకున్నాను.

"అయితే పాము కాదా?"

"తెలీదప్పా. నేను చూడలేదు."

లక్ష్మక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నా మాట నమ్మకపోయినా నీ రాత నమ్ముతాడని వచ్చినా సామీ" అని మాత్రం అంది. కొడుకు బైకెక్కి వెళ్లిపోయాడు. ఆమె బస్సు కోసం నడిచింది.

ఎస్.ఐ. గారికి జరిగింది చెప్పి, చీవాట్లు తిని, ఆ ఫైలును ఉంచాల్సినవాటిలో చేర్చాను. కారణం గడిలో "మరణ కారణం తెలియదు, పంచనామా ఎత్తి రాసినది" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత గోతాలన్నీ మళ్లీ తిరగేశాను. అదే వేరుశనగ వాక్యం నా దస్తూరీలో ఇంకో ఏడు ఫైళ్లలో దొరికింది. అవన్నీ పంట పీకే నెలలవే. వాటిలో ఏవి చూసి రాశానో, ఏవి ఎత్తి రాశానో నేనే చెప్పలేకపోయాను. ఏడింటినీ ఉంచాను.

ఒక చావు మామూలుదని తేల్చాలంటే ముందు దాన్ని వంగి చూసి ఉండాలి. నేను నిలబడి రాశాను. లక్ష్మక్క తరఫున సాక్ష్యం చెప్పాల్సినవాళ్లలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కణ్ణే.