పసుపు బొట్టు పెట్టిన సీడీ

మా చిన్నప్పుడు... మైదుకూరులో మా నాన్న పసుపు కొట్లో ఒక కంప్యూటర్ ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. పసుపు దుమ్ము పడకుండా దానికి ఎప్పుడూ ముసుగే... మా ఇంట్లో కొత్త కోడలికి కూడా అంత మర్యాద జరగలేదు.

నాకేమో ప్రోగ్రాములు రాయాలని పిచ్చి. సెలవుల్లో కర్నూలు వెళ్తే, ఇంజనీరింగ్ చదివే మా పెదనాన్న కొడుకు విండోస్‌కు బదులు తను వాడే లైనక్స్‌లో ఎలా రాయాలో చూపించాడు. మనం రాసింది మిషన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అందులో ముందే ఉంది. మా విండోస్‌లో ఎక్కించుకోమని అలాంటిదే ఒకటి సీడీలో వేసిచ్చాడు... ఉచితంగా! కడపలో కోచింగ్‌కు నన్ను ఒక్కదాన్నే బస్సులో పంపరు. ఇక కొట్లో మిషనే నాకు దిక్కు.

నాన్న సీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉట్టిపుణ్యానికి ఎవురిస్తారు పాపా? ఏందో మెలిక ఉంటాది. మిషన్ చెడిపోతే?"

అమ్మ లోపల్నుంచే అంది... "పక్కింటోళ్లు పాలల్లోకి తోడు ఇస్తే దుడ్లు తీస్కుంటారా? ఇదీ అట్లే అనుకోండి."

నాన్న మెత్తబడ్డాడు. కానీ వ్యాపారస్తుడు కదా... కొట్లోకి కొత్త వస్తువొస్తే దేవుడి పటం ముందు పెట్టి బొట్టు పెట్టందే ఊరుకోడు. సీడీకీ పెట్టాడు. మెరిసే వైపు! తడి పసుపు, మధ్యలో కుంకుమ...

ఇంకేముంది, సీడీ గరగరమంటుంది గానీ తెరుచుకోదు. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ మెత్తటి గుడ్డ తడిపి మెల్లగా తుడిచింది. ఎక్కింది! తీరా కంపైలర్ పేరు కొడితే, అలాంటిదేదీ లేదు పొమ్మంది మిషన్. ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి కర్నూలు అన్నకు ఫోన్ చేశాను.

"నా లైనక్స్‌కు అది యాడుండాదో తెల్సు. మీ విండోస్‌కు దారి నువ్వే రాసియ్యాల" అని ఏ ఫైల్లో ఏ లైను చేర్చాలో చెప్పాడు.

చేర్చి, మిషన్ ఆపి మళ్లీ వేశాను. నాన్న పేరు చూపించమని నాలుగు లైన్లు రాసి నడిపితే... తెర మీద నాన్న పేరు పడింది. నా మొదటి ప్రోగ్రాం! ఆ రోజు సంతోషం మళ్లీ ఏ ఉద్యోగంలోనూ రాలేదు నాకు.

నాన్న తెర దగ్గరికి వంగి అడిగాడు. "దీన్ని చేసినోళ్లకు మనమేమియ్యాల?"

"ఏమీ వద్దంట నాన్నా. అడిగినోళ్లకు మనమూ ఇస్తే చాలంట."

చిటికెడు పసుపు కొసరు వేయని మనిషి... ఆ తర్వాత కొట్టుకొచ్చిన వాళ్లందరితో "మీ పిల్లోళ్లకు కంప్యూటరుండాదా? మా పాప కాడ సీడీ తీస్కపోండప్పా, ఊరికే!" అనేవాడు.

ఇప్పుడు కంపైలర్లతో సహా అన్నీ ఫోన్లోనే నడుస్తున్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు. హాయే... కానీ అడిగేవాళ్లే లేకపోతే ఇచ్చేదెవరికి?

మీ మొదటి కంపైలర్ మీకు ఎవరిచ్చారు? మీరు ఎవరికిచ్చారు?