కండె దారం పట్టుకుని వంతెన దాటిన పొద్దు

నా చిన్నప్పుడు మా ఊరి చిత్రావతి ఏట్లో నీళ్లు కనబడితే ఊరంతా సంబరపడేది, నేను మాత్రం మూలన కూచుని ఏడ్చేదాన్ని. ఏడాదిలో ముక్కాలుభాగం అది ఒట్టి ఇసుకే. మా మగ్గాల వీధి పిల్లలమంతా ఆ ఇసుకలో అడ్డంబడి అవతలి గట్టున ఉన్న హైస్కూలుకు పోయేవాళ్లం. ఏరొస్తే మాత్రం ఇనుప వంతెన ఎక్కాల్సిందే.

ఆ వంతెనంటే నాకు చచ్చేంత భయం. తెల్లదొరల కాలంలో కట్టిందంట. రెండు పక్కలా, నెత్తిమీదా ఇనుప దూలాలు అడ్డంగా, ఏటవాలుగా బిగించి ఉంటాయి. కింద పరిచిన చెక్కల సందుల్లోంచి ఎర్రనీళ్లు పరుగెత్తుతుంటే వంతెనే కదిలిపోతున్నట్టుండేది. బస్సొచ్చిందంటే చెక్కలన్నీ దడదడలాడేవి. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు ఏరు వచ్చింది. మూడు దినాలు వంతెన మొగదల దాకా పోవడం, ఏడ్చుకుంటూ ఇంటికి రావడం. నాలుగోనాడు మా నాయనకు కోపమొచ్చింది. "ఈపొద్దు కూడా వెనక్కొస్తే ఇంక బడి చాలు. ఇంట్లో కూచుని కండెలు చుట్టు" అనేసినాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే. మా అక్క చదువు అట్లానే నిలిచిపోయింది.

అప్పుడు మా తాత మగ్గం గుంతలోంచి లేచి, పట్టుదారం చుట్టిన కండె ఒకటి చేతబట్టుకుని నాతో వచ్చినాడు. వంతెన దగ్గర దారం కొస నా వేలికి చుట్టి, "కండె పట్టుకుని నేనీడే ఉంటా. దారం తెగకుండా ఆ గట్టుకు పో. తెంపితే చూడు మళ్ల!" అని బెదిరించినాడు. నేసేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. పోగు తెంపడమంటే మాకు అన్నం పారబోసినంత తప్పు. ఇంక నీళ్ల పక్క చూస్తే ఒట్టు. కళ్లన్నీ దారం మీదే పెట్టి ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయినా.

సగం దూరం పోయినాక దారం బిగిసింది. తిరిగి చూస్తే మా తాత మొగదలే నిలబడి ఉన్నాడు. తొందరలో సగం వాడేసిన కండె తెచ్చినాడు మహానుభావుడు! దారమంతా అయిపోయి కొస ఒకటే ఆయన వేళ్ల మధ్య మిగిలింది. నేను ఇంకో అడుగేసి, ఆయన కదలకపోతే అది తెగుతుంది. నాకు ముందుకు పోను కాలాడలేదు. "తాతా, రా!" అని అరిచినా. ఆయన నా పక్క చూసినాడు, కింద నీళ్ల పక్క చూసినాడు. చానాసేపటికి ఒక కాలు చెక్క మీద పెట్టినాడు. తర్వాత రెండోది. ఒక చేత్తో ఇనుప కమ్మీ తడుముకుంటా, ఆ కొస వదలకుండా, నా వెనకే అవతలి గట్టుదాకా వచ్చేసినాడు. చెమటకు చొక్కా తడిసి ముద్దయింది.

సాయంత్రం బడి వదిలి వస్తే మా తాత ఇంకా ఆ గట్టునే, టీ అంగడి బల్ల మీద కూచుని ఉన్నాడు. మధ్యాన్నం అన్నానికి కూడా ఇంటికి పోలేదు. ఏం తాతా ఈడే ఉండావంటే, నేలచూపులు చూస్తూ "ఒక్కన్నే పోలేకపోయినా పాపా, భయమైతాంది" అన్నాడు. వీధిలో అందర్నీ అదిలించే మనిషి, చిన్నపిల్లోని మాదిరి నాకు చెయ్యి చాపినాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, నేనే ముందు నడిచి ఆయన్ను ఇంటికి తీసుకొచ్చినా. ఏరొస్తే ఎంత పనున్నా ఆయన గడప దాటేవాడు కాదని, పుట్టి బుద్ధెరిగి ఆ వంతెన ఎక్కిందే లేదని మా అవ్వ చెప్పిందాకా మాకెవరికీ తెలీదు.

నా బడి నిలబడింది. చదువుకుని, రిటైరయ్యేదాకా అదే బడిలో పిల్లలకు పాఠాలు చెప్పినా. ఇప్పుడు ఏటి మీద సిమెంటు వంతెన వచ్చింది, పాతదాని మీదికి ఎవర్నీ పోనీయడం లేదు. నా దగ్గరికొచ్చి ఏ పిల్ల భయమని ఏడ్చినా "భయమెందుకే" అని నేనెప్పుడూ అనలేదు. "నాకూ భయమే, పా, ఇద్దరం పోదాం" అనే అన్నా.