భూత్ బురుజు దిగాక నేనన్న మాట

ఒక మాట. చిన్న మాట. పదహారేళ్లుగా దాన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. ఉద్యోగంలో చేరాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లను కన్నాను. అది మాత్రం ఎక్కడికీ పోలేదు. అబద్ధం అని కూడా అనలేను దాన్ని. ఎవరు విన్నా ఓదార్పు అనే అంటారు. అందుకే ఇన్నేళ్లూ నన్నెవరూ పట్టుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇలా అయితేనే మొదటి నుంచి చెప్పగలనేమో.

అప్పుడు నాకు పద్దెనిమిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్. మాది భీమవరం వైపు. నాన్న ఉద్యోగం వల్ల కర్మన్‌ఘాట్‌లో ఉండేవాళ్లం. క్లాసులో నా పక్క సీటు సునీతది. ఆ పేరు నేను మార్చాను. నల్గొండ దగ్గర ఒక పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. మెడిసిన్ సీటు కోసం రెండోసారి రాస్తోంది. నెమ్మదస్తురాలు. నాకు బుర్రకెక్కని ఫిజిక్స్ లెక్క ఏదైనా ఆమె చేతిలో నాలుగు లైన్లలో తేలిపోయేది. నా స్నేహితురాలు అని అనుకునేదాన్ని. అవునా? స్నేహితురాలే అయితే ఆ రోజు అలా చేస్తానా?

సంక్రాంతి సెలవులకు ముందు మా బ్యాచ్‌ని ఊరి బయట ఉన్న ఒక పార్కుకు తీసుకెళ్లారు. అక్కడ అందరూ ఎక్కాలనుకున్నది భూత్ బురుజు. పాడుబడ్డ కోట బురుజులా కట్టి నల్లరంగు పూశారు. గుమ్మానికి పుర్రెలు, లోపల ఎర్ర బల్బులు, స్పీకర్లో ఎవరో ఆడమనిషి నవ్వు. ఇద్దరిద్దరికి ఒక ప్లాస్టిక్ సీటు. భుజాల మీదికి ఇనప కడ్డీ దించి బిగిస్తారు. చీకట్లో మెల్లగా పైకి లాక్కెళ్లి, పైన తలుపు తెరిచి, ఒక్కసారిగా వదిలేస్తారు.

సునీత వద్దంది. "నాకు కండ్లు తిరుగుతయ్, మీరు పోన్రి," అని బెంచీ మీద కూర్చుంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది నేనే. నాకూ భయమే. ఒంటరిగా భయపడటం ఇష్టం లేక ఆమెను తీసుకెళ్లాను.

పైకి వెళ్తుంటే ఏదో చల్లటి గుడ్డ ముఖానికి తగిలింది. నేను అరిచాను. పైన తలుపు తెరుచుకుంది. ఎండ, ఎంతో కింద చీమల్లా మనుషులు. ఒక క్షణం అంతా ఆగిపోయింది. తర్వాత కింద ఏమీ లేదు.

పడుతున్నప్పుడే నాకు తెలిసింది. వెచ్చగా. ఆపుకోలేకపోయాను.

ఆ సీటు ఆమె వైపుకి కాస్త వాలి ఉంది. నేను నల్ల జీన్స్ వేసుకున్నాను. సునీతది లేత పసుపు చుడీదార్. కడ్డీలు పైకి లేచేసరికి నా బట్టల మీద ఏమీ కనపడలేదు. ఆమె లేచి నిలబడితే వెనకంతా తడి. సీటులో మడుగు. రైడ్ నడిపే అతను చూసి, "గిదెవరు చేసిండ్రు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. కానీ వరసలో ఉన్న మా వాళ్లందరూ తిరిగి చూశారు. సునీత చేత్తో వెనక తడుముకుంది, చేతిని చూసుకుంది, నా వైపు చూసింది. ముఖంలో రక్తం లేదు.

నోరు మూసుకుని ఊరుకున్నా తప్పు కొంత తక్కువై ఉండేది. నేను ఊరుకోలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా అన్నాను.

"పర్లేదు సునీతా. భయమేస్తే ఎవరికైనా అవుతుంది. ఏడవకు."

అదీ ఆ మాట.

ఆమె చున్నీ తీసి నా చేతులతోనే నడుముకు చుట్టాను. ఫిజిక్స్ సార్ నన్ను మెచ్చుకున్నారు, స్నేహమంటే ఇలా ఉండాలన్నారు. తిరిగి వస్తుంటే బస్సులో సునీత నా భుజం మీద తల పెట్టి, "నువ్వు లేకుంటే నేనేమైపోతుంటినో," అంది. నేను ఆమె తల నిమిరాను. ఎలా నిమిరాను? ఆ చెయ్యి నాదేనా? ఆమె నన్ను అనుమానిస్తోందని, కావాలనే అలా అని నన్ను పరీక్షిస్తోందని చాలాకాలం అనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు తేలిగ్గా ఉండేది.

వారంలో ఆమెకు పేరు పెట్టేశారు. ట్యాంకర్. సందులోకి నీళ్ల ట్యాంకర్ వచ్చి హారన్ కొడితే వెనక బెంచీలు విరగబడి నవ్వేవి. నేను వాళ్లను తిట్టేదాన్ని కూడా. తిట్టడం సులువు. నిజం చెప్పడానికి రెండే మాటలు కావాలి, ఆ రెండూ నా నోటికి రాలేదు. నెల తిరక్కుండానే సునీత క్లాసుకు రావడం మానేసింది. వాళ్లమ్మ వచ్చి పెట్టె సర్దించి తీసుకెళ్లిపోయింది. ఆ ఏడు పరీక్ష రాసిందో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కోవాలంటే భయం.

తర్వాత పదహారేళ్లు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దాచిపెట్టడం కూడా ఒక అలవాటే అవుతుంది.

మొన్న వేసవిలో మా అమ్మాయిని అదే పార్కుకు తీసుకెళ్లాం. తొమ్మిదేళ్లు దానికి. గేటు దగ్గర ఎత్తు కొలిచే గీతను ఈ ఏడే దాటింది, ఆ గర్వంతో బురుజు ఎక్కాల్సిందేనని పట్టుబట్టింది. నేను వద్దనలేకపోయాను. రంగు మార్చారు, స్పీకర్లో నవ్వు మార్చారు, సీట్లు విడివిడిగా పెట్టారు. ఆ చీకటి మాత్రం మారలేదు. పైకి వెళ్తున్నంతసేపూ నా పక్కన ఉన్నది నా కూతురని గుర్తు చేసుకుంటూనే ఉన్నాను.

కిందికి వచ్చాం. కడ్డీ లేచింది. మా అమ్మాయి అక్కడున్న అతన్ని పిలిచి, "అన్నా, భయమేసి సుస్సు పోసేశాను. సీటు తడిసింది. సారీ," అంది.

అతను నవ్వాడు. "ఏం గాదు బేటా. రోజు ఎవరో ఒకరు చేస్తనే ఉంటరు." బకెట్‌తో నీళ్లు తెచ్చి సీటు కడిగాడు. మా అమ్మాయి బట్టలు మార్చుకుని ఐస్‌క్రీమ్ అడిగింది. అయిపోయింది. మొత్తం ఒక్క నిమిషం.

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. ఒక్క నిమిషమా? దీనికోసమా నేను ఒక ఆడపిల్లని క్లాసులోంచి, చదువులోంచి వెళ్లగొట్టింది?

పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సునీత లేదు. ఒకామె దగ్గర నంబరు దొరికింది. ఫోన్ చేస్తే తెలిసింది, ఆమె సరూర్‌నగర్‌లోనే ఉంటోంది. ఆరేళ్లుగా. ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ టీచర్. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య పావుగంట దూరం.

స్కూలు వదిలాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్‌లో కలిశాం. ఆమె సంతోషంగా వచ్చింది. మా అమ్మ ఆరోగ్యం అడిగింది. అది ఇంకా కష్టమైంది నాకు. కాఫీ రాకముందే చెప్పేశాను. "సునీతా, ఆ రోజు సీటు తడిపింది నేను. నువ్వు కాదు."

"మల్ల చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను. ఆమెకు తెలిసే ఉంటుందని, మనసులో నన్ను ఎప్పుడో తిట్టుకుని ఉంటుందని అనుకుంటూ వచ్చాను.

"నేను గాదా?" అంది. "నేనే అనుకున్న. కండ్లు మూసుకున్న, నాకేం తెల్వలే. నువ్వు అట్లన్నవ్ గదా, నేనే అనుకున్న." ముందున్న నీళ్ల గ్లాసును పక్కకు జరిపింది. "గప్పటి సంది బస్సెక్కాలంటే పొద్దటి నుంచి నీళ్లు తాగ. క్లాసుల బోర్డు దిక్కు తిరిగే ముందు డ్రెస్ చూస్కుంట. నా ఒళ్లు నా మాట వినదని అనుకున్న ఇన్నేండ్లు."

నేను ఆమె నుంచి తీసుకున్నది చదువొక్కటే కాదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. క్షమించమని అడగబోయాను.

"మాఫీ అడగకు. గిప్పుడు నా దగ్గర లేదు," అంది. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. "అందరి ముందర అన్నవ్. అందరి ముందరనే చెప్పు."

కాఫీ తాగలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "నేను గాదన్నట్టు," అని తనలో తాను అనుకుంది. చాలా కాలం నొప్పెట్టిన పన్ను తీసేశాక నాలుకతో తడిమి చూసుకుంటారే, అలా ఉంది ఆమె ముఖం.

ఇంటికి వెళ్లి గ్రూపులో రాశాను. అసలు పేర్లతో, జరిగింది జరిగినట్టు. కొందరు చదివి ఊరుకున్నారు. ఒకాయన ఇప్పుడెందుకివన్నీ అన్నాడు. ట్యాంకర్ అని పేరు పెట్టిన అతను మాత్రం ఆమె నంబరు అడిగాడు. ఆమెను అడిగి ఇస్తానన్నాను. ఆ సాయంత్రం మా ఆయనకూ చెప్పాను. నా గురించి ఆయన కొత్తగా ఆలోచిస్తున్నట్టున్నారు. ఆలోచించనీ. ఇప్పుడు ఆయన చూస్తున్నది నన్నే కదా.

నాలుగు రోజులకు సునీత ఫోన్ చేసింది.

"అమ్మకు చెప్పిన," అంది.

"ఏమన్నారు?"

"తిడుతున్నది నిన్ను. ఫోన్ల గాదంట, ఎదురుంగ తిట్టాల్నంట. ఆదివారం ఊరికి పోతున్న. వస్తవా?"

వస్తానన్నాను. పొద్దున ఏడింటికి ఎల్‌బీ నగర్‌లో బస్సు. సునీత నా పక్కన కూర్చుంటుందో, వేరే సీటు చూసుకుంటుందో తెలియదు. ఆ ఇంట్లో నాకు మంచినీళ్లు ఇస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోయినా అడిగే హక్కు నాకు లేదు. తిట్లు తినడానికి వెళ్తూ మనిషి ఇంత తేలిగ్గా ఉండొచ్చా? అదీ తెలియదు. ఆవిడ మొదలుపెట్టేలోపే గుమ్మంలో నిలబడి ఒకటి చెప్పాలనుకుంటున్నాను. అమ్మా, అది నేనే. పొద్దుట్నుంచి ఇంట్లో పైకే అనుకుంటున్నాను. గొంతు వణకడం లేదు.