నన్నే సాహెబ్ చెప్పకుండా కట్టిన కొమ్మ

“ఒక్క తెగులు చాలు సాహెబ్‌గారూ. మన చుట్టూ ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి అంటుకట్టిన ముక్కలు. దాన్ని చంపే తెగులు పుట్టిందంటే అన్నీ కలిసే పోతాయి. మా పాప పెద్దయ్యేసరికి తినడానికి మామిడిపండు మిగులుతుందంటారా?”

చింతలపూడిలో తన ఇంటి వసారాలో కూర్చుని అంటుకత్తి నూరుకుంటున్న నన్నే సాహెబ్‌గారు తలెత్తలేదు. “ముందు పాపకి నాలుగు పళ్లు మొలవనివ్వండమ్మా” అన్నారు.

నా ఒళ్లో హరిణికి అప్పటికి ఎనిమిది నెలలు. తాడేపల్లిగూడెం దగ్గర ఉద్యాన శాస్త్రం చదివి, ఏలూరులో పాఠాలు చెప్పుకునే నాకు, పాప పుట్టాక భయపడటం రెండో ఉద్యోగమైంది.

సాహెబ్‌గారికి డెబ్బై రెండేళ్లు. పన్నెండో ఏట మేనమామ దగ్గర అంటుకట్టడం నేర్చుకున్నారు. తడిగోనెలో చుట్టిన మామిడి పుల్లలు మోపెడ్ వెనక పెట్టుకుని ఈ మెట్ట నుంచి కొల్లేటి దాకా తిరిగారు. అందరూ అడిగేది బంగినపల్లి, లేకపోతే రసాలు. ఎవరూ అడగని రకాలు ఏ గట్టు మీద ఉన్నాయో ఆయనకే గుర్తు.

అలాంటిదే శ్రావణం కాయ. ఊరికి ఉత్తరాన సీతారామాంజనేయులుగారనే మాస్టారి చేలో ఒకే ఒక్క చెట్టు. కాయ పులుపు, నిండా పీచు. కానీ మిగతా చెట్ల పూత రాలిపోయాక తాపీగా పూస్తుంది. మంచుకీ, పూతని పీల్చే తేనెమంచు పురుగుకీ దొరకదు. రేపు కొత్త రకం పుట్టించాలంటే దాని ఆలస్యమే మాకు కావాలి. దాంతో సంకరం చేయడానికి మామిడి మీద పరిశోధన చేసే నా స్నేహితురాలు ఎదురుచూస్తోంది.

వచ్చేవారం పుల్లలు తెచ్చుకుందామనుకున్నాం. హరిణికి జ్వరమొచ్చింది. రెండు వారాలు ఆలస్యమైంది.

మేం వెళ్లేసరికి చేను చదునుగా ఉంది. పామాయిల్ మొక్కలకి గుంతలు తీసి ఉన్నాయి.

“మొన్ననే పొక్లెయిన్ పెట్టించానండి” అన్నారు మాస్టారు. “ఆ పుల్లచెట్టు కోసం మీరొస్తారని కలగన్నానా చెప్పండి?”

చెట్టున్న చోట వేళ్లైనా మిగిలాయేమోనని మట్టి కెలికాను. ఏమీ లేదు. నా రెండు వారాల వల్ల ఒక రకం అంతరించిపోయిందని ఏడుపొచ్చింది.

సాహెబ్‌గారు నన్ను రోడ్డు మీదకి తీసుకొచ్చారు. అప్పుడు మెల్లగా, “ఇంకో కొమ్మ ఉండాలమ్మా. మండవల్లిలో. కానీ ఆవిడ నన్ను గుమ్మం తొక్కనివ్వదు” అన్నారు.

సంగతి తర్వాత చెప్పారు. ఎవరైనా అంటు కట్టమని పిలిస్తే, ఆయన వాళ్లడిగిన రకం కట్టి, పక్కనే ఓ కొమ్మకి ఎవరికీ అక్కర్లేని రకం ఒకటి, అది అంతరించకుండా, కట్టేసి వచ్చేవారట. చెప్తే ఎవరు ఒప్పుకుంటారు? వీరరాఘవమ్మగారి దొడ్లో బంగినపల్లి చెట్టుకి అలాగే శ్రావణం కాయ కట్టారు. అది కాసిన ఏడు పెద్ద గొడవైంది.

మర్నాడు మండవల్లి వెళ్లాం. వీరరాఘవమ్మగారు చేటలో బియ్యం ఏరుతున్నారు.

“ఏం సాయిబుగారూ! పన్నెండేళ్లకి దారి తెలిసిందా? ఈసారి ఏం అతికించి పోదామని?”

“అతికించడానికి కాదండి. అడుక్కోడానికొచ్చాను.”

“చూడమ్మా” అని ఆవిడ నావైపు తిరిగారు. “మా వియ్యపురాలొస్తే ఆ కాయే కోసిపెట్టాను. ఆవిడ మొహం చూడాలి! ‘మీ ఇంట బంగినపల్లి ఇంత పులుపా వదినగారూ’ అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.”

“కొట్టేశారా అండీ?” దొడ్డివైపు చూస్తూ అడిగాను.

“గొడ్డలి బయటికి తీశాను కూడా. సరిగ్గా అప్పుడే మా కోడలికి వేవిళ్లు. పుల్లమామిడి కావాలంటుంది. శ్రావణంలో ఎక్కడ దొరుకుతుందండీ? ఈయనగారి కొమ్మకే దొరికింది.” చేట పక్కన పెట్టి లేచారు. “అంతమాత్రాన మీరు చేసింది ఒప్పనుకోకండి సాయిబుగారూ!”

“తప్పేనండి” అన్నారాయన చేతులు కట్టుకుని.

దొడ్లో చేపల చెరువు వైపు వంగి ఉంది చెట్టు. అంతటా కాయ అయిపోయింది. ఒక్క కొమ్మకే పచ్చగా వేలాడుతున్నాయి. నేను కత్తి తీశాను.

“ఆగండమ్మా.” ఆయన పన్నెండు రెమ్మలు ఎంచి, కాడలు ఉంచి ఆకులు మాత్రమే కోశారు. “పది రోజులు చెట్టు మీదే ఉండాలి. మొగ్గ ఉబ్బుతుంది. ఇవాళ కోస్తే ఉత్త పుల్ల, అప్పుడు కోస్తే మొక్క.”

ఆ పది రోజులూ రోజూ ఫోన్ చేశాను. “ఉందమ్మా మీ కొమ్మ! చెరువులోకి ఈదుకుంటూ పోలేదు!” అని విసుక్కునేవారు వీరరాఘవమ్మగారు. పదకొండో రోజు పన్నెండూ కోసి కట్టాం. తొమ్మిది చిగుర్లేశాయి.

నా స్నేహితురాలికి పోగా మిగిలిన మూడు మొక్కలు నాకిస్తూ సాహెబ్‌గారు చెప్పారు: “ఏ రకాన్నీ ఒక్కచోట ఉంచకండి. మూడిళ్లలో పెట్టండి. ఒకటి మీతో మాటల్లేని వాళ్లిల్లయితే మరీ మంచిది, మీకొచ్చిన కష్టం వాళ్లదాకా పోదు. కానీ నాలా కాకుండా, చెప్పి పెట్టండి.”

ఒకటి కాలేజీలో నాటాను. రెండోది మాస్టారే అడిగి తీసుకుని గట్టు మీద వేసుకున్నారు. మూడోది పట్టుకుని, హరిణిని చంకనేసుకుని, తాడేపల్లిగూడెంలో మా తోడికోడలి గేటు ముందు నిలబడ్డాను. మా మధ్య రెండేళ్లుగా మాటల్లేవు. ఆవిడ తలుపు తీయగానే ముందు అదే చెప్పాను.

“కాయ పుల్లగా ఉంటుంది అక్కా.”